అత్తగారి మంచం ఖాళీ అయ్యాక: 44 ఏళ్ల గృహిణి కుంగుబాటు, ఒక కేస్ స్టడీ

ఇది ఏ ఒక్కరి కథా కాదు. పల్లెల నుంచి ఇలాంటి ఇబ్బందితో వచ్చే ఆడవాళ్లలో మళ్లీ మళ్లీ కనిపించే లక్షణాలను కూర్చి, ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి, ఒకే కేసుగా రాశాం. మందుల మోతాదులు ఈ పరిస్థితికి సైకియాట్రిస్టు చూసి నిర్ణయించే తరహావి. చదివి ఎవరికి వారు వాడుకోకూడదు.

వచ్చినప్పటి పరిస్థితి

పల్నాడు పల్లె. వయసు 44, పదో తరగతి చదువు. ఇంట్లో మిషను మీద జాకెట్లు కుట్టేవారు. భర్త కౌలు రైతు, పత్తీ మిర్చీ వేస్తారు. ఒక్కతే కూతురు, ఇంజనీరింగ్ హాస్టల్లో ఉంది. మార్చి నెల మధ్యలో మొదటిసారి మా క్లినిక్‌కు వచ్చారు. చెప్పిన బాధలు ఇవి: తల దిమ్ము, గుండె దడ, కడుపులో మంట, కాళ్ల లాగుడు, నిద్ర పట్టకపోవడం. "నరాల వీక్‌నెస్ అన్నారు" అనేది ఆమె మొదటి మాట. మనసు ఊసు ఎక్కడా లేదు.

ఏడు నెలల్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్లు, పట్నంలో ఈసీజీ, ఎండోస్కోపీ, మెడ ఎక్స్‌రే అయ్యాయి. తాయెత్తు కూడా కట్టించారు. ఐదు నెలలుగా రాత్రిపూట 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రజోలామ్ అనే నిద్రమాత్ర వేసుకుంటున్నారు. ఇది షెడ్యూల్ హెచ్1 మందు, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడనిది. పాత చీటీ చూపించి కొంటూ వచ్చారు.

ఆ ఏడు నెలల ముందు ఏం జరిగిందని అడిగితే అసలు సంగతి తెలిసింది. అత్తగారికి పక్షవాతం వచ్చి రెండేళ్లు మంచంలో ఉన్నారు. స్నానం, డైపర్లు, జావ, మందులు అన్నీ ఈమే చూశారు. పుండ్లు పడకుండా రాత్రి కూడా రెండు గంటలకోసారి లేచి పక్కకు ఒత్తిగిలబెట్టేవారు. శ్రావణంలో అత్తగారు పోయారు. మైల రోజుల్లో మిషను ఆపారు, ఆ తర్వాత మళ్లీ తీయలేదు. దసరాకీ సంక్రాంతికీ జాకెట్లు కుట్టించుకునేవాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు. భర్త చీకటితో పొలం వెళ్తే సాయంత్రం ఆరు దాకా ఇంట్లో మనిషి అలికిడి లేదు. రోజులో పన్నెండు గంటల పని ఒక్కసారిగా మాయమైంది. దాంతోపాటు "నేను లేకపోతే కుదరదు" అనే స్థానమూ పోయింది.

పక్క వీధిలో ఉండే ఆడపడుచు మంచి మనసుతో వచ్చి "నువ్వు కూర్చో వదినా, నేను చేస్తా" అంటూ వంటా గిన్నెలూ కూడా అందుకుంది. బలహీనంగా ఉన్న మనిషికి విశ్రాంతి ఇవ్వాలనేది మన ఇళ్లలో మొదటి ఆలోచన. జ్వరానికి అది సరే. కుంగుబాటులో మాత్రం చేతిలో మిగిలిన ఆ కాస్త పనినీ తీసేస్తే మనిషి ఇంకా లోపలికి పోతుంది. ఈ కేసులో అందరికంటే ఎక్కువ నష్టం చేసింది ఈ ప్రేమే.

పరీక్ష, అంచనా

మొదటి విజిట్‌కి 50 నిమిషాలు పట్టింది. అందులో 15 నిమిషాలు భర్తను బయట కూర్చోమని ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి. ఇంట్లో కొట్టడం, తాగుడు, అప్పులు, చావు ఆలోచనలు ఇంకొకరి ముందు బయటికి రావు. ఇక్కడ హింస లేదు, అప్పు ఉంది. కౌలు డబ్బు, పెట్టుబడి రెండూ బాకీ.

కుంగుబాటు తీవ్రత కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి వాడాం. గడిచిన రెండు వారాల మీద తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 5 నుంచి స్వల్పం, 10 నుంచి మధ్యస్థం, 15 నుంచి తీవ్రం వైపు, 20 నుంచి తీవ్రం. కాగితం చేతికిచ్చి నింపమంటే మన పల్లెల్లో మార్కులు తప్పుగా పడతాయి. మొదటి ప్రశ్న ఆసక్తి, ఆనందం గురించి. "మాకు ఆనందాలేంటండీ" అని సున్నా వేయించారామె. ఇలాంటప్పుడు మునుపు మనసు పెట్టి చేసిన పని ఒకటి పట్టుకోవాలి. ఈమెకు అది ముగ్గు. "పొద్దున ముగ్గు ఎన్ని చుక్కలు పెట్టేవారు? ఇప్పుడు?" అని అడిగితే, "నీళ్లు చల్లి వదిలేస్తున్నా" అన్నారు. ఆ ప్రశ్నకు 3 పడింది. మొత్తం 18.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. దీన్ని సూటిగానే అడగాలి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. "పడుకుని లేవకపోతే బాగుండు అనిపిస్తుంది, చేసుకోవాలని మాత్రం లేదు" అన్నారు. మార్కు 1. ప్రయత్నాలు లేవు, పథకం లేదు. కానీ ఇంట్లో మంచం కింద మిగిలిపోయిన పురుగుమందు డబ్బాలు ఉన్నాయి. క్షణికావేశంలో చేతికి ఏది అందుతుందన్న దాని మీదే ప్రాణం నిలవడమో పోవడమో చాలాసార్లు ఆధారపడుతుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందుల్ని 1995 నుంచి దశలవారీగా నిషేధించాక ఆత్మహత్యల రేటు సగానికి పైగా తగ్గింది. అందుకే మిగతా చికిత్స కంటే ముందు భర్తకు ఒకే పని చెప్పాం: డబ్బాలు మోటారు షెడ్డులో ఇనప పెట్టెలో పెట్టి తాళం వేయాలి, తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండాలి. ఆ సాయంత్రమే ఫోన్‌లో "పెట్టాను" అన్నాకే ఆ రోజు ఫైలు మూశాం. మాత్రలు కూడా రెండు వారాలకు సరిపడానే ఇచ్చాం.

రక్త పరీక్షల్లో థైరాయిడ్, షుగర్, బి12 సరిగానే ఉన్నాయి. హిమోగ్లోబిన్ 9.6 వచ్చింది. ఐరన్ మొదలుపెట్టాం. నీరసంలో కొంత వాటా రక్తహీనతదే. దాన్ని వదిలేసి అంతా మనసు మీదకి నెడితే చికిత్స కుంటుతుంది. నిద్ర తగ్గినా హుషారు పెరిగి, మాటలూ ఖర్చూ అదుపు తప్పిన రోజులు గతంలో ఉన్నాయా అని కూడా అడిగాం. లేవు. బైపోలార్, అంటే కుంగుబాటూ ఉన్మాదమూ మారిమారి వచ్చే జబ్బు ఉన్న మనిషికి ఈ ప్రశ్న వేయకుండా కుంగుబాటు మాత్ర ఒక్కటే ఇస్తే ఉన్మాద దశకు తోసినట్టు కావచ్చు.

ఇది మామూలు దుఃఖమేనా? చనిపోయినవారి బెంగ అలలు అలలుగా వస్తుంది, జ్ఞాపకంతో పొంగి మళ్లీ తగ్గుతుంది, మధ్యలో మనిషి నవ్వగలుగుతుంది. ఈమెలో రోజంతా ఒకే బరువు. దానికి తోడు "ఆ రాత్రి నిద్రపోయాను, అందుకే పోయింది" అనే నేరభావం, తాను దేనికీ పనికిరాననే నమ్మకం. కుంగుబాటుగానే నిర్ధారించాం.

ఏడు రోజుల చిట్టా

మొదటి వారం రోజువారీ పనుల్లో ఏమీ మార్చలేదు, రాయించాం అంతే. కొలతలు రాసుకునే పాత నోటుబుక్కు వెనక పేజీల్లో గంటకో గీత: ఏం చేస్తున్నారు, మనసు బరువు 0 నుంచి 10లో ఎంత. వారం తర్వాత చూస్తే ఎవరూ అనుకోని సంగతులు కనిపించాయి. పగలూ రాత్రీ కలిపి పడక మీద 13 గంటలు, నిద్ర మాత్రం 5. టీ రోజుకు ఆరు గ్లాసులు, చివరిది రాత్రి ఎనిమిదిన్నరకి. బరువు అన్నిటికంటే ఎక్కువగా ఉన్నది పగలు 11 నుంచి 3 దాకా, 9 మార్కులు. అది అత్తగారికి స్నానం చేయించి, తినిపించి, పక్క మార్చే వేళ. తక్కువగా ఉన్నది పొద్దున ఆరు ప్రాంతం, గేదె దగ్గర, 5 మార్కులు. రాత్రి మెలకువలు దాదాపు రెండు గంటలకోసారి. అత్తగారు పోయి ఏడు నెలలైనా ఆమె ఒళ్లు ఇంకా డ్యూటీ చేస్తూనే ఉంది.

ఈ చిట్టా లేకుండా ఇచ్చే ఏ సలహా అయినా ఊహే. "యోగా చేయండి, మంచి సంగీతం వినండి" అని పంపేయడం తేలిక. కానీ ఈమె రోజుకు చిల్లు పడింది 11 గంటలకి. మాసిక వేయాల్సింది అక్కడే.

చికిత్స

సారం బిహేవియరల్ యాక్టివేషన్, అంటే రోజును మళ్లీ పనితో కట్టడం. గోవాలో 10 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో మామూలు చదువున్న స్థానిక కౌన్సిలర్లే ఈ పద్ధతిని 6 నుంచి 8 సెషన్లలో, ఒక్కోటి 30, 40 నిమిషాలు నడిపి తీవ్రమైన కుంగుబాటులో కూడా ఫలితం చూపించారు. సైకియాట్రిస్టు విక్రమ్ పటేల్ బృందం 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆ ఫలితాలు ప్రచురించింది. కాబట్టి పెద్దాసుపత్రి లేకపోతే కుదరదన్న మాట నిజం కాదు.

ఆమెకు చెప్పిన వివరణ ఒక్కటే: చేయాలనిపించాక చేద్దామంటే ఆ అనిపించడం ఇప్పట్లో రాదు, ముందు చేతులు కదిలితే మనసు వెనకాల వస్తుంది.

మొదటి ప్రయత్నంలోనే మేం తప్పు చేశాం. రోజూ అరగంట నడవమన్నాం. ఒక్కరోజూ జరగలేదు. కారణం బద్ధకం కాదు. పల్లెలో ఆడమనిషి చేతిలో ఏమీ లేకుండా రోడ్డు మీద నడిస్తే పది గడపల్లో "ఎక్కడికి?" అని అడుగుతారు. జవాబు చెప్పే ఓపిక లేని మనిషికి అదొక శిక్ష. పాలక్యాను చేతిలో ఉంటే ఎవరూ అడగరు. పాల కేంద్రం ఇంటికి 400 మీటర్లు. అప్పటిదాకా భర్త తీసుకెళ్తున్న పాలు ఈమెకు అప్పగించాం. పొద్దున 6.15కి వెళ్లి రావాలి. పొద్దుటి వెలుతురు కళ్లపై పడుతుంది, నలుగురు ముఖాలు కనపడతాయి, లీటర్ల లెక్క రాయించుకోవాలి కాబట్టి రెండు మాటలు మాట్లాడక తప్పదు. పనిలో కలిసిపోయిన నడక నిలిచింది.

రెండో పని పదకొండు గంటలకి. మొదటి వారం మిషను మీద గుడ్డ తీసి, దుమ్ము తుడిచి, నూనె వేయడం. అంతే, కుట్టకూడదు. రెండో వారం తన చీరకే ఒక ఫాల్, రోజుకు 20 నిమిషాలు. మూడో వారం ఊళ్లో ఇంకో టైలరు దగ్గర నుంచి హుక్కులు, కాజాల పని. డబ్బు తక్కువే, కానీ కటింగ్ చెడగొడతానన్న భయం లేదు. ఐదో వారం సాదా జాకెట్టు, ఏడో వారం లైనింగ్ జాకెట్టు. ప్రతి పనికీ గంట, చోటు, తప్పితే మారు గంట ముందే రాసి ఉండాలి: "11కి కుదరకపోతే 4కి". "వీలున్నప్పుడు" అని రాసింది ఏదీ జరగదు. పని ఎంత చిన్నదంటే, బాగాలేని రోజు కూడా చేయగలిగినంత. ఒక మెట్టు రెండు రోజులు తప్పితే ఆమెను తప్పుపట్టడం కాదు, ఆ మెట్టును సగానికి కోయాలి.

ఆడపడుచుకు కూడా పని మార్చాం. వంట చేయడం కాదు, పక్కన కూర్చుని కలిసి వెల్లుల్లి వలవడం. "నీకేం తక్కువ", "ధైర్యంగా ఉండు" అనే మాటలు ఆపేయమన్నాం. అవి విన్న మనిషికి తన బాధ తప్పు అనిపిస్తుంది. వాటి బదులు "పాలకి వెళ్దామా వదినా" అనే ఒక్క పిలుపు చాలు.

నిద్రకు లెక్క వేరు. రాత్రి పది గంటలు పడక మీద ఉండి ఐదు గంటలే నిద్రపోతే పడక సామర్థ్యం, అంటే పడక మీది వేళలో నిద్ర వాటా, 50 శాతం. అందుకే పడక వేళను రాత్రి 11 నుంచి తెల్లవారి 5 దాకా, ఆరు గంటలకు కుదించాం. పగలు నడుం వాల్చకూడదు, కూర్చోవాలనుకుంటే అరుగు మీద. మెలకువ వచ్చి ఇరవై నిమిషాలు అయినట్టు అనిపిస్తే లేచి వసారాలో కూర్చుని, నిద్ర ముంచుకొస్తేనే తిరిగి వెళ్లాలి. గోడ గడియారాన్ని ఆ గదిలోంచి తీయించాం, టైము చూడటమే ఆమెను పాత డ్యూటీకి లేపుతోంది. టీ మూడు గ్లాసులు, మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు, అన్నంతో పాటు అసలే వద్దు, ఐరన్ ఒంటపట్టనివ్వదు. మొదటి పది రోజులు పగలు మత్తుగా, చిరాగ్గా ఉంటుందని ముందే చెప్పాలి. చెప్పకపోతే నాలుగో రోజే మానేస్తారు. సామర్థ్యం 85 శాతం దాటిన వారం పడక వేళకు 15 నిమిషాలు కలుపుతూ పోయాం. మూర్ఛ ఉన్నవారికి, బైపోలార్ ఉన్నవారికి, బండి నడిపే ఉద్యోగులకు ఈ పద్ధతి ఇలాగే పెట్టకూడదు.

మందు: కుంగుబాటుకు ఇచ్చే ఎస్సిటాలోప్రామ్ 5 మిల్లీగ్రాములు, పొద్దున తిన్నాక, వారం పాటు. ఆ తర్వాత 10. మొదటి వారం పది రోజులు వికారం, లోపల ఆరాటం ఉండొచ్చు, గుణం కనపడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, ఇది నిద్రమాత్ర కాదు, అలవాటు పడే మందు కాదు. ఈ నాలుగు సంగతులూ భర్తకు కూడా చెప్పాం, ఎందుకంటే ఇంట్లో మందు ఆపించేది ఎక్కువగా పక్కనున్నవాళ్లే. ఆల్ప్రజోలామ్‌ను ఒక్కసారిగా ఆపితే నిద్ర పూర్తిగా పోతుంది, దడ పెరుగుతుంది, ఎక్కువ మోతాదు వాడేవారిలో ఫిట్స్ కూడా రావచ్చు. మూడో వారం నుంచి 0.25 మాత్రలతో 0.375కి, రెండు వారాలకు 0.25కి, మరో రెండు వారాలకు 0.125కి, ఎనిమిదో వారం చివర ఆపాం. రోజు విడిచి రోజు ఇవ్వలేదు, అలా ఇస్తే వేసుకోని రాత్రి నరకంగా ఉండి మాత్ర మీద నమ్మకం ఇంకా పెరుగుతుంది.

నాలుగో వారం ఒక ఎదురుదెబ్బ. "చూస్తే గుర్తొస్తోంది" అని భర్త చెప్పాపెట్టకుండా అత్తగారి మంచం ఎవరికో ఇచ్చేశారు. ఆమె రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఆ వస్తువు ఎప్పుడు కదలాలో ఆమె చెప్పాలి. మంచం తిరిగి తెప్పించి వసారాలో వేశారు. నెల తర్వాత ఆమే దాని మీద జాకెట్ల గుడ్డలు పరిచి కటింగ్ మొదలుపెట్టారు.

నేరభావం మీద ఐదో సెషన్ మొత్తం పట్టింది. ఓదార్చలేదు, లెక్క కట్టాం. రెండేళ్లు, రాత్రికి నాలుగు మెలకువల చొప్పున, దాదాపు మూడు వేల సార్లు లేచిన మనిషి ఆమె. ఆ రాత్రి అత్తగారు ఎలా పోయారో చూసిన డాక్టరు కాగితంలో ఏం రాశారో కలిసి చదివాం: గుండె ఆగింది. మెలకువగా ఉన్నా ఆగేదే. మూడు వేలు అనే అంకె విన్నాక ఆమె చాలాసేపు ఏడ్చారు. ఆ ఏడుపును ఆపకూడదు, నీళ్ల గ్లాసు పక్కన పెట్టి ఊరుకోవాలి.

స్కోర్లు, తొమ్మిదో వారం జారుడు

పీహెచ్‌క్యూ-9 ఇలా నడిచింది: మొదట 18, రెండో వారం 17, నాలుగో వారం 15, ఆరో వారం 11, ఎనిమిదో వారం 8. రెండో వారం 17 చూసి ఇంట్లోవాళ్లు నిరాశపడ్డారు. కానీ ఆ వారమే పాల కేంద్రానికి ఏడు రోజులకు ఐదు రోజులు వెళ్లారు. చేతలు ముందు మారతాయి, మనసు మార్కులు రెండు మూడు వారాలు ఆలస్యంగా కదులుతాయి.

తొమ్మిదో వారం మే నెల, పెళ్లి ముహూర్తాలు. మనసు తేలికైన ఉత్సాహంలో ఒకేసారి 14 లైనింగ్ జాకెట్లు ఒప్పుకున్నారు. రాత్రి ఒంటిగంట దాకా మిషను. పాలకు వెళ్లడం ఆగింది, టీ మళ్లీ ఆరు గ్లాసులు. "బాగయింది కదా" అని మాత్ర కూడా ఆపేశారు. నాలుగో రోజు నుంచి కళ్లు తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టు ఉండటం మొదలైంది. ఎస్సిటాలోప్రామ్‌ను ఉన్నట్టుండి ఆపితే ఇలా అవుతుంది, జబ్బు ముదరడం కాదు. పదకొండో వారం స్కోరు 16. ఉత్సాహం ఎక్కువైంది కాబట్టి ఉన్మాద లక్షణమేమో అని మళ్లీ పరిశీలించాం. అలసట ఉంది, నిద్ర కావాలని ఉంది, పని వల్లే దొరకలేదు. కాబట్టి కాదు.

బాగుపడుతున్న వారాల్లోనే మనుషులు జారేది ఎక్కువ. అందుకే పైకి ఎక్కే మెట్టుకు కూడా హద్దు రాయాలి. రోజుకు రెండు జాకెట్లు, రాత్రి 9 తర్వాత మిషను మీద గుడ్డ. ఏడు జాకెట్లు ఆ టైలరుకే అప్పగించారు. మందు 5తో మొదలై వారానికి 10కి వచ్చింది. పదహారో వారం 7, ఇరవయ్యో వారం 4.

రోజువారీ కాపలా

బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అంటించుకున్నారు. అందులో ఆమె సొంత ముందస్తు గుర్తులు, వచ్చే వరుసలోనే: టీ మూడు దాటడం, ముగ్గు మానేయడం, కూతురి ఫోన్ ఎత్తకపోవడం, పగలు నడుం వాల్చడం. ఏడుపు, చావు ఆలోచన ఈ నాలుగింటికీ చాలా తర్వాత వచ్చేవి. నాలుగింట్లో రెండు వారం పాటు కనపడితే ఆగకుండా ఫోన్ చేయాలి. కింద భర్త నంబరు, ఆడపడుచు నంబరు, క్లినిక్ నంబరు, ఆ కింద 14416. అది టెలిమానస్, 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత సేవ, రోజంతా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ప్రతి నెల మొదటి ఆదివారం కూతురే ఫోన్‌లో తొమ్మిది ప్రశ్నలూ అడిగి మార్కు రాస్తుంది.

శ్రావణంలో సంవత్సరీకం. తిథికి రెండు వారాల ముందే ఆ వారం పనంతా రాసుకున్నారు: ఏ రోజు ఎవరు వస్తారు, వంటలో ఆమె చేసేది ఏది, వేరేవాళ్లకు ఇచ్చేది ఏది, తద్దినం మర్నాడు పొద్దున 6.15కి పాలకు ఎవరు తోడు. ఆ వారం స్కోరు 8, రెండు వారాలకు 5. జ్ఞాపకంతో పొంగి తగ్గింది.

పూర్తిగా కోలుకున్నాక కూడా మందు ఆరు నుంచి తొమ్మిది నెలలు సాగాలి. కాబట్టి తగ్గించడం ఫిబ్రవరి తర్వాతే. ఫిబ్రవరి, మార్చి మిర్చి కోతలు, ఏప్రిల్‌లో అమ్మకం, అప్పుల లెక్కలు. అందుకని మే నెల ఎంచుకున్నాం. కూతురు సెలవులకు ఇంట్లో ఉంటుంది. 10 నుంచి 5కి తగ్గించి నాలుగు వారాలు చూడాలి, స్కోరు 5 దాటకపోతేనే ఆ తర్వాతి అడుగు. పెళ్లి జాకెట్లకు ఆ నెల కూడా హద్దు అదే, రోజుకు రెండు.